బాణాన్ని వదులుతున్నది మీరా, మీ వేళ్ళా?

ప్రశ్న: అయ్యా, నా వయసు 38. వరంగల్‌లో ఉంటాను. రెండేళ్ళ కిందట సరదాగా విలువిద్య మొదలుపెట్టాను. గురి చూసే సైటు, విల్లు ఊగకుండా ఆపే స్టెబిలైజర్ వంటివేవీ లేని చెక్క రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగి ఉండేది) నాది. దాన్ని పూర్తిగా లాగడానికి 45 పౌండ్ల బలం కావాలి. కుడిచేతి వాటం. వారానికి మూడు రోజులు 18 మీటర్ల నుంచి వేస్తాను. మొదటి ఏడాది ఆరు బాణాలూ అన్నం పళ్ళెమంత చోటులో పడేవి. ఇప్పుడు రెండు పళ్ళెంలో పడితే రెండు కిందకి, ఎడమకి పోతున్నాయి. మిగతా రెండూ ఎటు పోతాయో చెప్పలేను. ఆరు నెలలుగా నారి పెదవి మూలకు చేరకముందే వేళ్ళ నుంచి జారిపోతోంది. మా మైదానంలో ఒలింపిక్ పద్ధతి నేర్పే కోచ్ "పూర్తిగా లాగి మూడు సెకన్లు ఆగు, తర్వాత వదులు" అంటారు. నాలాగే సంప్రదాయ విల్లు వాడే మిత్రుడు మాత్రం "ఆగితే ఆలోచన వస్తుంది, ఆలోచన వస్తే గురి చెడుతుంది. లాగగానే వదిలేయి. అమెరికా వేటగాళ్ళ వీడియోలు చూడు" అంటాడు. ఎవరి మాట వినాలి? 50 పౌండ్ల విల్లయితే నారి వేళ్ళ మీద నుంచి శుభ్రంగా విడిపోతుందని కూడా చెబుతున్నారు. కొనమంటారా? విచిత్రం ఏమిటంటే, టార్గెట్ కాగితం లేని ఖాళీ బట్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ) ముందు నిలబడితే చేయి చక్కగా ఆగుతుంది.
— ఒక పాఠకుడు

జవాబు: మీరు చివర్లో 'విచిత్రం ఏమిటంటే' అంటూ తగిలించిన వాక్యం దగ్గరే మొదలుపెడతాను. నాకు కావలసిందంతా అందులోనే ఉంది. కాగితం లేనప్పుడు ఆగే చేయి కాగితం కనబడగానే ఆగనంటోంది అంటే మీ భుజానికి బలం చాలకపోవడం అసలు కారణం అయ్యే అవకాశం తక్కువ. కంటికి కాగితం మధ్యలోని పసుపు వలయం కనబడటానికీ వేళ్ళు తెరుచుకోవడానికీ మధ్య మీకు తెలియకుండా ఒక ముడి పడింది. ఆ ముడి విప్పుకోనంత కాలం మీ కోచ్ మాట విన్నా, మీ మిత్రుడి మాట విన్నా ఫలితం ఒక్కటే.

వాళ్ళిద్దరూ సెకన్ల లెక్కలో వాదించుకుంటున్నారు. నేను మిమ్మల్ని అడిగేది వేరు. పూర్తిగా లాగి, పసుపు వలయం మీద చూపు నిలిపి, మూడు అంకెలు లెక్కపెట్టి, బాణం వదలకుండా విల్లును నెమ్మదిగా దించగలరా? వరసగా పది సార్లు? దించగలిగితే మీరు అర సెకనులో వదిలినా అది మీ శైలి, ఎవరూ వంక పెట్టడానికి లేదు. దించలేకపోతే మీరు త్వరగా వదులుతున్నారని చెప్పడం కూడా తప్పే. మీరు వదలడం లేదు, అది పోతోంది.

ఇది నేను కనిపెట్టిన పరీక్ష కాదు. చాలా పాతది. చెట్టు మీద బొమ్మ పక్షిని పెట్టి ద్రోణుడు శిష్యులను ఒక్కొక్కరిగా పిలిచి "ఏమేం కనిపిస్తోంది?" అని అడిగిన కథను మన ఇళ్ళల్లో ఏకాగ్రత పాఠంగా చెబుతారు. విల్లు పట్టినవాడు ఆ కథను ఇంకోలా వింటాడు. సంస్కృత ఆదిపర్వం ప్రకారం ధర్మరాజు విల్లు లాగి నిలబడ్డాక, కాసేపు ఆగి మరీ ద్రోణుడు ప్రశ్న వేస్తాడు. అర్జునుడి వంతు వచ్చినప్పుడు 'మండలీకృత కార్ముకః' అని ఉంటుంది. విల్లు వలయంలా వంగేదాకా లాగి నిలబడ్డాడని అర్థం. ఆ స్థితిలో ఉన్నవాడితో గురువు తీరిగ్గా ప్రశ్నలూ జవాబులూ నడిపాడు! సరే, అర్జునుడు కొట్టాడు. మిగతావాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. ధర్మరాజు, దుర్యోధనుడు, భీముడు, దేశదేశాల నుంచి వచ్చిన రాజకుమారులు అందరూ లాగిన విల్లును బాణం వదలకుండా దించి, గురువుతో చీవాట్లు తిని పక్కకు తప్పుకున్నారు. ఒక్కడికీ బాణం చేయి జారలేదు. అర్జునుడి ముందు ఓడిపోయారు గానీ, ఇవాళ మీరు తప్పుతున్న పరీక్షలో వాళ్ళంతా నెగ్గారు.

ఇక మీ కోచ్ చెప్పే మూడు సెకన్ల సంగతి. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎంతవరకు తీసుకోవాలో తెలుస్తుంది. ఒలింపిక్ రికర్వ్ విల్లుకు క్లిక్కర్ అని సన్నని రేకు ఉంటుంది. బాణం పూర్తి పొడవుకు వచ్చినప్పుడు దాని మొన మీద నుంచి ఆ రేకు జారి 'టిక్' మంటుంది. ఆ చప్పుడు వినబడినప్పుడే వదలాలి. మన ఒలింపిక్ విలుకాడు బొమ్మదేవర ధీరజ్ వంటివారు లాగి ఆగినట్టు మనకు కనబడే ఆ రెండు మూడు సెకన్లలో నిజానికి వాళ్ళు ఆగడం లేదు. వెన్నుపూసకు రెండు వైపులా ఉన్న కండరాలతో భుజపు పలకలను దగ్గరకు తెస్తూ, మిల్లీమీటరు మిల్లీమీటరుగా లాగుతూనే ఉన్నారు. 'ఆగు' అనే మాట వినగానే కొత్తవాడు ఆ లాగడాన్ని మానేస్తాడు. మానేసిన మరుక్షణం విల్లు వాణ్ణి ముందుకు లాగడం మొదలుపెడుతుంది. అందుకే 'ఆగు' అనే మాట నాకు నచ్చదు. 'నిలబెట్టు' అంటాను. పందిరి గుంజలా నిలబెట్టాలి.

కాంపౌండ్ విల్లుతో పోల్చుకుని సిగ్గుపడకండి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ అంత నింపాదిగా గురి చూడటంలో ఆమె సాధన ఎంత ఉందో, ఆ విల్లు ఇచ్చే వెసులుబాటు కూడా ఉంది. కాంపౌండ్ విల్లు చివర్లలోని చక్రాలు పూర్తిగా లాగాక బరువులో చాలా భాగాన్ని తామే మోస్తాయి. 80 శాతం తగ్గించే చక్రాలైతే 50 పౌండ్ల విల్లును పది పౌండ్లతో పట్టుకోవచ్చు. మీ విల్లు వ్యవహారం దీనికి తలకిందులు. ఎంత లాగితే అంత బరువు, అన్నిటికన్నా ఎక్కువ బరువు చివర్లోనే. 45 పౌండ్లంటే సుమారు ఇరవై కిలోలు. బియ్యం మూటను మూడు వేళ్ళకు తగిలించుకుని గురి చూస్తున్నారన్నమాట.

కాబట్టి సంప్రదాయ విల్లుతో నిలబెట్టడం పొట్టిగానే ఉంటుంది, ఉండాలి కూడా. ఈ మాట 1545లోనే రోజర్ ఆస్కమ్ అనే ఇంగ్లీషు పండితుడు విలువిద్య మీద పుస్తకం రాసి ఎనిమిదో హెన్రీ రాజుకు సమర్పించినప్పుడు చెప్పాడు. నిలబడటం, బాణం తొడగడం, లాగడం, నిలబెట్టడం, వదలడం అని విద్యను ఐదు భాగాలు చేశాడు. నిలబెట్టడం ఎక్కువసేపు ఉంటే విల్లుకూ ప్రమాదం, గురికీ చేటు అన్నాడు. అది జరుగుతున్నప్పుడు చూసేవాడి కంటికి ఆనకూడదు, జరిగిపోయాక వేసినవాడి మనసుకు మాత్రం తెలియాలి, అంత కొంచెంగా ఉండాలట. చూశారా, కొంచెంగా ఉండాలన్నాడు గానీ తీసేయమనలేదు. ఐదింటిలో దానికో స్థానం ఇచ్చాడు. వేసినవాడి మనసుకు తెలియాలన్నాడు. మీకు తెలుస్తోందా?

అదే సంవత్సరం జులైలో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ మునిగిపోయింది. నాలుగు శతాబ్దాల తర్వాత సముద్రం అడుగు నుంచి తీసిన దాని విల్లుల్లో చాలావాటి బరువును వంద పౌండ్లకు పైగా అంచనా వేశారు. అటువంటి విల్లును లాగి పట్టుకుని దళపతి చేయి దించేదాకా ఎదురుచూడటం సినిమాల్లోనే సాధ్యం. మన సినిమాల్లో అయితే వీరుడు ఆకర్ణాంతం లాగి ఒక పేజీ సంభాషణ చెప్పి, కన్నీళ్ళు తుడుచుకుని, అప్పుడు వదులుతాడు. ఆ విల్లును నమ్మకండి. నిండా లాగిన విల్లు పదింట తొమ్మిది వంతులు విరిగినట్టే అని ఇంగ్లీషు విల్లుకారులకు ఒక సామెత ఉంది. వెదురు విల్లు వాడినవాళ్ళకు దాని అర్థం బాగా తెలుసు. ఎక్కువసేపు లాగి పట్టుకుంటే వెదురు నారి తీసినా ఆ వంపులోనే ఉండిపోతుంది, బాణం వేగం తగ్గుతుంది. మీది ఫైబర్‌గ్లాస్ పొరలు అతికించిన విల్లే అయి ఉంటుంది. ఐదారు సెకన్లకు దానికేమీ కాదు. విల్లు మీద జాలిపడి తొందరగా వదులుతున్నానని మాత్రం సాకు చెప్పకండి. నేను చెప్పాను, అందుకే ఆ సాకు నాకు తెలుసు.

మీ మిత్రుడి వాదనలోనూ పస ఉంది. అమెరికాలో ఫ్రెడ్ బేర్ వంటి పేరున్న వేటగాళ్ళు నారి దవడకు తాకీ తాకకముందే వదిలేసేవారు. పొదల మధ్య నుంచి జింక దాటిపోయే ఒక్క క్షణంలో మూడు సెకన్లు లెక్కపెట్టేవాడికి జింక దొరకదు. గుర్రం మీద నుంచి వేసేవారికీ అంతే. గుర్రం అడుగుల మధ్య దొరికే ఆ కాస్త నిశ్చలతలోనే బాణం పోవాలి. షిల్లాంగ్‌లో ఖాసీలు ఆదివారం తప్ప రోజూ ఆడే తీర్ పందెం చూడండి. గొంతుక్కూర్చుని, వెదురు విల్లులతో, గడ్డితో చుట్టిన కట్ట మీదకు కొద్ది నిమిషాల్లో వందల బాణాలు కురిపిస్తారు. మొత్తం ఎన్ని గుచ్చుకున్నాయో లెక్కపెట్టి, ఆ సంఖ్యలో చివరి రెండు అంకెల మీద పందెం తేలుస్తారు. ఎవరి బాణం ఎక్కడ గుచ్చుకుందో అక్కడ ఎవరికీ పట్టదు. ఆ ఆటకు ఆ వేగం సరైనది.

మీ ఆట అదేనా? మీ ముందు ఉన్నది పరుగెత్తని కాగితం. అది సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. మన దేశంలో ఇప్పుడు వన్యప్రాణి చట్టం ప్రకారం వినోదం కోసం వేట అన్న మాటే లేదు. జింక పారిపోతుందేమోనన్న తొందరను అక్కడి అడవుల నుంచి వరంగల్ మైదానానికి ఎందుకు దిగుమతి చేసుకుంటున్నారు? ఇంకో మాట. త్వరగా వేసేవారిలో నిజంగా మంచివాళ్ళను జాగ్రత్తగా గమనించండి, వీలైతే వీడియో వేగం తగ్గించి చూడండి. ప్రతి బాణానికీ చేయి ఒకే చోటికి వస్తుంది. నిలబెట్టే సమయం పావు సెకను అయితే కావచ్చు, లాగే పొడవు మాత్రం మారదు. మీది మారుతోంది. మీరు రాసిన 'కిందకి, ఎడమకి' అన్న రెండు మాటలు నాకు ఆ సంగతి చెప్పేశాయి.

ఎలాగో వివరిస్తాను. విల్లు మీద రాసిన బరువు 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. ఆ చివరి అంగుళాల్లో ఒక్కో అంగుళానికి సుమారు రెండు నుంచి మూడు పౌండ్లు పెరుగుతాయి. నారి పెదవి మూలకు రావలసింది ఒకటిన్నర అంగుళాల ముందే జారిపోతే మీ బాణానికి నాలుగు పౌండ్ల శక్తి తక్కువ అందినట్టు. అందుకే కిందకి. బాణం విల్లును దాటేటప్పుడు పాములా అటూ ఇటూ వంగుతూ పోతుంది. మీ విల్లు పూర్తి బరువుకు సరిపోయే బాణపు కాడనే మీరు ఎంచుకుని ఉంటారు. శక్తి తగ్గితే ఆ కాడ వంగవలసినంత వంగదు. కుడిచేతి వాటం వారికి వంగని బాణం ఎడమకు పోతుంది. దానికి తోడు, చేయి ముఖానికి ఆనకుండా గాలిలో ఉండగా నారిని వదిలితే వేళ్ళు దాన్ని పక్కకు మీటుతాయి, వీణ తీగలాగా. అదీ ఎడమకే నెడుతుంది. మిగతా రెండు బాణాలు 'ఎటు పోతాయో చెప్పలేను' అన్నారు. ఒకసారి అంగుళం ముందు, ఒకసారి రెండు అంగుళాలు ముందు వదిలేవాడికి ఆ మాట రాయక తప్పదు.

నమ్మకం కుదరకపోతే, బాణాన్ని తొడిగి పూర్తిగా లాగినప్పుడు విల్లు పిడి దగ్గర ఎక్కడికి వస్తుందో స్నేహితుడి చేత గుర్తు పెట్టించి, అక్కడ రంగు టేపు ముక్క చుట్టండి. ఆ స్నేహితుణ్ణే పక్కన నిలబెట్టి ఫోనుతో నెమ్మది వేగంలో పన్నెండు బాణాలు చిత్రీకరించమనండి. టేపు ఎన్నిసార్లు పిడి దాకా వచ్చిందో లెక్కపెట్టుకోండి. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు పన్నెండింట మూడు వచ్చాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడలేదు.

అవును, ఈ జబ్బు నాకూ వచ్చింది, రెండుసార్లు. నేను వెదురు విల్లుతో మొదలుపెట్టినవాణ్ణి. ఇప్పటికీ మన జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని వెదురు విల్లుల విభాగం ఒకటి ఉంది, సైటూ క్లిక్కరూ ఏమీ ఉండవు. ఒక జిల్లా పోటీలో ఆఖరి ఆరు బాణాలకు ముందు నేను రెండో స్థానంలో ఉన్నాను. లాగుతుండగానే బాణం పోయింది. రెండోదీ పోయింది. మూడోదాన్ని పట్టుకోవాలని పళ్ళు బిగించాను. ఆ బాణం బట్‌నే దాటిపోయింది. తర్వాత ఏడాదిపాటు నేను చేసిన పని ఏమిటంటే, అది నా శైలి అని అందరికీ చెప్పుకోవడం. 'నాది సహజమైన గురి, ఆలోచించి వేసేది కాదు' అని చెప్పుకునేవాణ్ణి. మీ మిత్రుడి మాటలు చదువుతుంటే నా గొంతే వినిపించింది. ఆయనకు కోపం రాకపోతే, ఆయన్ని కూడా ఒకసారి లాగి దించమనండి.

జపాన్ సంప్రదాయ విలువిద్య క్యూదోలో దీనికి ఏకంగా ఒక పేరే ఉంది: హయాకే. వాళ్ళు బాణం వేయడాన్ని ఎనిమిది దశలుగా విడగొడతారు. పూర్తిగా లాగి నిలిచే ఆరో దశ పేరు కాయి. ఆ దశ నిండకముందే, వద్దనుకున్నా చేయి వదిలేయడం హయాకే. దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది, మోతారే అంటారు. వదలాలనుకున్నా వేళ్ళు తెరుచుకోవు, లాగి అలా ఉండిపోతారు. ఇంగ్లీషులో రెండింటినీ కలిపి టార్గెట్ పానిక్ అనేస్తారు. రెండు పేర్లు పెట్టడమే సరి అని నా అభిప్రాయం. ఎందుకంటే మొదటిదాని మందు రెండోవాడికి ఇస్తే ముదురుతుంది. 'మూడు సెకన్లు ఆగు' అన్న సలహాతో కొందరు హయాకే నుంచి నేరుగా మోతారేలోకి దిగడం చూశాను. లాగుతారు, ఆగుతారు, ఇంకా ఆగుతారు, ఎడమ చేయి వణుకుతుంది, కుడి మోచేయి కుంగుతుంది, బాణం వేలెడు ముందుకు జారాక దిక్కులేక వదులుతారు. అది మీ బాణం కన్నా ఘోరంగా పోతుంది.

ఇప్పుడు వైద్యం. రెండు నెలల పైనే పడుతుంది. మధ్యలో పోటీలు వద్దు, పాయింట్లు లెక్కపెట్టడం వద్దు, ఎవరైనా 'ఒక్కసారి వేసి చూపించు' అంటే దండం పెట్టండి.

మొట్టమొదట 28, 30 పౌండ్ల విల్లు ఒకటి అరువు తెచ్చుకోండి. మైదానంలో పిల్లలు నేర్చుకునే విల్లు ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి. విల్లు బరువు అసలు కారణం కాదని పైన నేనే అన్నాను, నిజమే. కానీ ముడి విప్పుకునేటప్పుడు ఇరవై కిలోల మూట చేతికి వేలాడుతుంటే మెదడుకు వేరే సంగతి నేర్చుకునే తీరిక ఉండదు. ఏ బరువు సరిపోతుందని అడిగితే నా కొలత ఒకటే: పూర్తిగా లాగి ఏడెనిమిది సెకన్లు వణుకు లేకుండా నిలబెట్టి, దించి, మళ్ళీ లాగగలగాలి.

మొదటి రెండు వారాలు బట్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడండి. కాగితం వద్దు. మీకు చేయి ఆగే చోటు అదే కదా, అక్కడే బలం కూడగట్టుకుందాం. చూపుడు వేలు పెదవి మూలకు రావాలి. దానితోపాటు ఇంకో ఆనవాలు పెట్టుకోండి. బాణం ఈక ముక్కు చివరకు తగలడమో, బొటనవేలి కణుపు దవడ ఎముక వెనక ఆనడమో, మీ ముఖానికి ఏది కుదిరితే అది. ఒకే ఆనవాలు ఉంటే మనసు 'దాదాపు వచ్చేసిందిలే' అని మోసం చేస్తుంది, రెండుంటే ఆ అవకాశం తక్కువ. మన కవులు వర్ణించే ఆకర్ణాంతం, అంటే చెవిదాకా లాగడం, ఇక్కడ మనకు పనికిరాదు. ఇంగ్లండులో హోరేస్ ఫోర్డ్ ఆ చెవి పద్ధతిని వదిలి బాణాన్ని కంటికి సూటిగా కిందకు తెచ్చుకున్నాడు. కన్ను ఒకచోట, బాణం ఇంకోచోట ఉంటే పక్కవాటు ఎలా తెలుస్తుందన్నది ఆయన వాదన. 1849 నుంచి 1859 దాకా వరసగా పదకొండేళ్ళు జాతీయ పోటీ గెలిచినవాడు, 1857లో 288 బాణాలకు 245 తగిలించి 1251 పాయింట్లు చేసినవాడు చెబితే వినాలి మరి.

రెండు ఆనవాళ్ళూ తగిలాక, కుడి మోచేతిని వెనక్కు తిప్పుతూ ఒక నిండు శ్వాసంత సేపు లాగుతూనే ఉండండి. వేళ్ళు తెరవాలని ప్రయత్నించకండి. వీపు లాగుతుండగా వేళ్ళు సడలితే నారి దారి అది చూసుకుంటుంది. చేయి చెవి వైపు వెనక్కు పోవాలి. ముందుకు పోయిందంటే మీరు నిలబెట్టలేదు, ఉత్తినే ఆగారు. రోజుకు ముప్పై నలభై బాణాలు చాలు. అలసిన చేయి పాత పాఠమే అప్పజెబుతుంది.

మూడో వారం కాగితం పెట్టండి, అయిదు మీటర్ల దూరంలో. ఇక్కడే అసలు పని. లాగండి, ఆనవాళ్ళు తగలనివ్వండి, పసుపు వలయం చూడండి, మూడు లెక్కపెట్టండి, దించండి. వదలవద్దు. పది సార్లు, ఆ రోజుకు అంతే. విల్లు సంచిలో పెట్టి ఇంటికి వెళ్ళండి. మైదానానికి వచ్చి ఒక్క బాణమూ వేయకుండా వెళ్ళేవాణ్ణి చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. మీ మెదడు ఆరు నెలలుగా 'పసుపు కనబడితే వదలాలి' అని చదువుకుంది. అలా వదిలిన బాణం అప్పుడప్పుడు మధ్యలో గుచ్చుకున్నప్పుడల్లా ఆ పాఠం ఇంకా గట్టిపడింది. ఈ రోగానికి అసలు మేత తప్పిన బాణాల కన్నా ఆ తగిలిన బాణాలే. ఇప్పుడు పసుపు కనబడినా ఏమీ జరగని రోజులు దానికి కావాలి.

ఒక జాగ్రత్త. దించే సాధన చేసేటప్పుడు బాణం తొడిగే ఉండాలి, బట్ వైపే ఉండాలి. ఇంట్లో అద్దం ముందు ఉత్త విల్లు లాగుతూ చేయి జారితే, బాణం మోసుకుపోవలసిన శక్తి అంతా విల్లులోకే తిరిగి వస్తుంది. విల్లు పగిలిపోవచ్చు, ముక్క కంట్లో పడవచ్చు. మీ చేయి జారుతోందని మీరే రాశారు కాబట్టి మీకు ఇది మరీ ముఖ్యం.

పది దించడాలూ జారకుండా వచ్చిన రోజు నుంచి స్నేహితుణ్ణి వెనక నిలబెట్టుకోండి. మీ ఆనవాళ్ళు తగిలాక ఆయన 'వదులు' అనో 'దించు' అనో అనాలి, వరస లేకుండా. మూడింట రెండుసార్లు 'దించు' అనమనండి. 'దించు' అన్నప్పుడు బాణం పోతే అయిదు మీటర్ల నుంచి మళ్ళీ రెండు మీటర్లకు, కాగితం లేని బట్‌కు వెళ్ళిపోండి. ఈ వెనక్కు వెళ్ళడం దగ్గరే చాలామంది ఓడిపోతారు. నాకు రెండోసారి జబ్బు రావడానికి కారణం అదే. మొదటిసారి ఎనిమిది మీటర్ల దగ్గర పూర్తిగా నయం కాకుండానే పద్దెనిమిదికి పరుగెత్తాను. అయిదు, ఎనిమిది, పన్నెండు, పద్దెనిమిది, ఒక్కో మెట్టు మీద కనీసం వారం ఉండండి. పద్దెనిమిదిలో కుదిరాక మీ 45 పౌండ్ల విల్లు తీసుకుని, మళ్ళీ అయిదు నుంచి మొదలు. విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి.

అంతా అయ్యాక మీరు ఎంతసేపు నిలబెట్టాలి? అప్పటికి ఈ ప్రశ్న మీకే అనవసరం అనిపిస్తుంది. నాది ఇప్పుడు సుమారు ఒకటిన్నర సెకను ఉంటుంది. నేను లెక్కపెట్టను, ఫోనులో తీసినవాళ్ళు చెప్పారు. మీది అర సెకను కావచ్చు, మూడు కావచ్చు. గురి కుదిరి చేయి నిలకడగా ఉన్న ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది, అందులో పోవాలి. కిటికీ మూసుకుపోతోందని, వణుకు మొదలవుతోందని తెలిస్తే దించేయాలి. పోటీలో కూడా దించేయాలి, గడియారం నడుస్తున్నా సరే. మీ మిత్రుడు చెప్పినట్టు ఆలోచన వచ్చినా దించేయాలి. ఆయన మందు ఆలోచన రాకముందే వదిలేయడం, నా మందు వచ్చాక దించడం. దించడం చేతనైనవాడికి ఆలోచన అంటే అంత భయం ఉండదు.

మీ కోచ్‌తో పేచీ పెట్టుకోకండి. ఈ సాధన సాగినన్నాళ్ళూ మీ మోచేయి వెనక్కు వెళుతోందో కుంగుతోందో చూసి చెప్పగలిగిన కన్ను మీ మైదానంలో ఆయనదే.

ఇక 50 పౌండ్ల విల్లు. నారి వేళ్ళ మీద నుంచి శుభ్రంగా విడిపోతుందన్న మాట కొంతవరకు నిజం. బరువైన నారి వేళ్ళను తోసుకుని త్వరగా పోతుంది. కానీ మీ బాధ నారి పోకపోవడం కాదు కదా. కొనేముందు సామాను తూచే స్ప్రింగ్ త్రాసు ఒకటి తెచ్చి, దాని కొక్కేన్ని నారికి తగిలించి, మీరు నిజంగా లాగే పొడవు వరకు, అదే ఆ టేపు గుర్తు దాకా, లాగి చూడండి. వచ్చిన కిలోలను 2.2తో హెచ్చించండి. మీ చేతులు పొడవైనవై మీ లాగుడు 30 అంగుళాల దాకా ఉంటే, మీరు కొనాలనుకుంటున్న 50 పౌండ్లు రెండేళ్ళుగా మీ చేతిలోనే ఉన్నాయి.